'మన అమ్మ' అన్నదెవరు?

కోమాలోంచి బయటపడ్డ మనిషి ముందుగా నీళ్ళు అడుగుతుందనుకుంటాం. లేదా పిల్లలేరని అడుగుతుందనుకుంటాం. రైల్వేలో అనౌన్సర్‌గా పనిచేసి రిటైరైన ఆ పెద్దావిడ మాత్రం కళ్ళు తెరవగానే, ఆ అనౌన్స్‌మెంట్ చేసిందెవరని డ్యూటీ డాక్టర్ని అడిగిందట. గొంతులోంచి గొట్టం తీసిన మంటకు మాట సగం గాలిగా పోతున్నా పట్టుబట్టి మళ్ళీ అడిగిందట. డాక్టరు కేస్ షీట్‌లో 'అయోమయం' అని రాసి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

నాకు పనికొచ్చింది ఆ అయోమయమే. ఈ కేసులో అంతకు మించి చేతికి దొరికింది ఏమీ లేదు మరి.

జరిగింది ఇది. ఇంటి మెట్ల మీద నుంచి పడి, తలకు దెబ్బ తగిలి ఆవిడ ఆసుపత్రికి వచ్చింది. మెదడు వాపు తగ్గేదాకా నిద్రమందు సెలైన్లో కలిపి ఎక్కించారు. వాపు తీసింది. మందు తగ్గిస్తూ వచ్చారు. ఇవాళో రేపో కళ్ళు తెరుస్తుందని అందరూ ఎదురుచూస్తున్న రోజున, పొద్దుటి విజిటర్ల వేళ ముగిసిన కాసేపటికే, ఆవిడ మళ్ళీ లోపలికి జారిపోయింది. ఊపిరి ఆగినంత పనైంది. చుక్కలుగా పడాల్సిన మందు ధార కట్టి కారుతోంది. గొట్టానికుండే బుల్లి చక్రాన్ని ఎవరో బార్లా తిప్పేశారు. అది చూసి, గొట్టం మూసి, కేకలు వేసి డాక్టర్లను పిలిచి ఆవిడను బతికించింది డ్యూటీ నర్సు. మర్నాడు పోలీసులు పట్టుకెళ్ళింది కూడా ఆ నర్సునే.

పట్టుకెళ్ళింది మా పాత ఇన్‌స్పెక్టర్. నేను డిపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు ఆయన కిందే పనిచేశాను. ఎలాంటి కేసుకైనా రెండో రోజుకల్లా మూత పెట్టేస్తాడు కాబట్టి ఆయన్ని చాటుగా అందరం 'మూత' అనేవాళ్ళం. నర్సు ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. పొరపాటున నేనే తిప్పి ఉంటానేమో అని ఆ పిల్ల ఏడుస్తూ అన్న మాటని మూత కాగితం మీద పెట్టించేశాడు. అది కోర్టుకు వెళ్తే ఆ పిల్ల జైలుకే పోతుంది, మళ్ళీ జన్మలో తెల్ల బట్టలు వేసుకోలేదు.

నన్ను డిటెక్టివ్‌గా పెట్టుకున్నది పెద్దావిడ కూతురు. దూరంగా వేరే ఊళ్ళో, ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరు దగ్గర సహాయకురాలు. సెలవు దొరకలేదనీ, రాలేకపోతున్నాననీ ఫోన్లో చాలాసేపు బాధపడింది. ఆసుపత్రి మీద కేసు వేస్తుందట. అందుకని తల్లికి ఏమేం గుర్తున్నాయో నేను నిదానంగా అడిగి, ప్రతి మాటా ఆమెకు చెప్పాలి. నర్సు గురించి ఒక్క ముక్క అడగలేదు. తల్లి మీద బెంగలో ఉన్న మనిషికి నర్సు ఎక్కడ గుర్తొస్తుందిలే అని నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ సర్దిచెప్పుకోవడం తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేను తిట్టుకోవాలనిపిస్తుంది.

పెద్దావిడను మూడో అంతస్తులో మామూలు గదికి మార్చారు. నేను వెళ్ళేసరికి దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి చిక్కిపోయింది గానీ మాటలో ఒక్క అక్షరం కూడా జారిపోవడం లేదు. పడిన రోజు సంగతి అడిగితే తల అడ్డంగా ఊపింది. మెట్లు గుర్తులేవు, ఆ సాయంత్రమే గుర్తులేదు. కల మాత్రం నిన్న సాయంత్రం జరిగినంత స్పష్టంగా గుర్తుందట.

కలలో ఆవిడ స్టేషన్లో తన గదిలోనే ఉంది. ఎదురుగా మైకు. ఎంత నొక్కినా స్విచ్ పడదు, ఎంత అరిచినా గొంతు బయటికి పోదు. ప్లాట్‌ఫారం పైకప్పు మీద ఒక పిట్ట ఒకే కూత కూస్తూ ఉంటుంది, ఆపదు, అలసిపోదు. పట్టాల దగ్గర ఒక అమ్మాయి ఉంటుంది. ఆ అమ్మాయి రైళ్ళను చేత్తో పట్టుకుని పక్కకి తిప్పుతూ ఉంటుంది. తిప్పే ముందు ప్రతిసారీ, "పెద్దమ్మా, ఇటు తిప్పుతున్నా" అంటుంది. "పెద్దమ్మా, నీళ్ళు చల్లగా ఉంటాయి, ఉలిక్కిపడకు" అంటుంది, అప్పుడు ప్లాట్‌ఫారం మీదికి పాదాలు తడిసేటంత నీళ్ళు వస్తాయి.

వింటూ నేను లోపల లెక్క కట్టుకుంటున్నాను. పిట్ట అంటే గుండె కొట్టుకోవడం చూపించే యంత్రం. అమ్మాయి అంటే నర్సు. పక్కకి తిప్పడమంటే ఒళ్ళు పుళ్ళు పడకుండా మంచం మీద దొర్లించడం. నీళ్ళంటే తడిగుడ్డతో ఒళ్ళు తుడవడం. ఒక్కటి కూడా గాలిలోంచి పుట్టింది కాదు.

"పైకప్పు పోయింది తర్వాత," అందావిడ. "ఆకాశం. చుక్కలు రాలుతున్నాయి. ఒకటి రాలాక చాలాసేపటికి ఇంకోటి. బాగుంది చూడ్డానికి. తెల్లారబోతోందని కూడా తెలుస్తోంది నాకు."

చుక్కలు తగ్గించు, చుక్కలు చూడు అని మంచం పక్కన రోజూ ఎన్నిసార్లు అనుకుంటారో. ఆ మాట చెవిన పడి ఆవిడ మనసు తనకో ఆకాశాన్ని కట్టుకుంది. పక్కన నిలబడి మనం మాట్లాడుకునే ప్రతి మాటా అటువైపు ఇంకేదో అయిపోతూ ఉంటుందన్న మాట.

"అప్పుడు లౌడ్‌స్పీకర్ మోగింది. 'మన అమ్మ ఇప్పుడే కళ్ళు తెరవకూడదు' అని. నాకు ఒళ్ళు మండిపోయింది. సర్వీసంతా మైకు ముందు కూచున్నదాన్ని. స్టేషన్లో 'మన' అని ఎవరైనా అంటారామ్మా? ప్రయాణికులకు విజ్ఞప్తి అంటాం. మన అమ్మ ఏంటి, ఎవరి అమ్మ? జనం కూడా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. ఆ మాట చెప్పిందెవరో కనుక్కుందామని లేచాను. లేచేలోపే చుక్కలన్నీ ఒక్కసారి కురిశాయి. ఊపిరాడలేదు."

"ఆ అమ్మాయి ఏమీ అనలేదా, పట్టాల దగ్గర అమ్మాయి?"

"లేదు. ఆ పిల్ల చెప్పకుండా ఏదీ చెయ్యదు. అప్పుడు మాత్రం ఏమీ చెప్పలేదు."

ఆ లౌడ్‌స్పీకర్ గొంతు ఆడదా మగదా అని అడిగాను. ఆవిడ గోడవైపు తిరిగింది. మైకులో గొంతులన్నీ ఒకలాగే ఉంటాయంది. అలిసిపోయిందనుకుని నేను రెట్టించలేదు. కాసేపాగి, నన్ను పెట్టింది తన కూతురేనా అని అడిగింది. అవునని గొప్పగా చెప్పాను. ఆ నర్సు పిల్లని ఎప్పుడు వదులుతారని అడిగింది, కనుక్కుని చెప్తానన్నాను.

బయటికి రాగానే, పద్ధతి ప్రకారం, కూతురికి ఫోన్ చేసి కల మొత్తం చెప్పేశాను. ఆమె వెనక థియేటర్ చప్పుళ్ళేమీ లేవు, రోడ్డు మీద హారన్లు వినిపిస్తున్నాయి. చివరిదాకా విని, గొంతు ఎవరిదో అమ్మ గుర్తుపట్టిందా అని అడిగింది. లేదన్నాను. 'మన అమ్మ' అనే అందా, ఖాయంగా అదే మాటా అని ఇంకోసారి అడిగింది. ఖాయమన్నాను. థాంక్యూ మేడమ్ అని పెట్టేసింది.

మెదడు డాక్టరు జాగ్రత్త మనిషి. కోమా అంటే ఒకే చీకటి కాదన్నాడు. అందులో లోతులుంటాయి. అడుగున ఉన్నవాళ్ళు తిరిగొచ్చినా ఏమీ చెప్పలేరు, వాళ్ళకు ఆ కాలమే ఉండదు. పైకి తేలుతూ వస్తున్నవాళ్ళకు మాత్రం కళ్ళు మూసే ఉన్నా చెవులు పనిచేయవచ్చు. విన్నదాన్ని మెదడు ఊరికే వదలదు, దానికి తోచిన కథలో పెట్టుకుంటుంది. ఇదంతా చెప్పి, "కానీ నన్ను సాక్ష్యానికి పిలవకండి. ఏది విన్నదో, ఏది అల్లుకున్నదో నేను విడదీయలేను," అన్నాడు. విడదీసే పని నాదేనన్నాను. ఐసీయూలోకి వెళ్ళడానికి అనుమతి మాత్రం ఇచ్చాడు.

ఆవిడ మంచం కిటికీ పక్కది. ఇప్పుడు ఖాళీగా ఉంది. ముందు పైకి చూశాను. స్పీకరన్నది గదిలో ఎక్కడా లేదు. పిలవడానికి గంట ఉంది, అది అవతల నర్సుల బల్ల దగ్గర మోగుతుంది. యంత్రాలు కూస్తాయి తప్ప మాట్లాడవు. విజిటర్లు వస్తే ఒక పాస్, ఒక మనిషి. మందు ధార కట్టిన ఆ పొద్దున పాస్ తీసుకుని లోపలికి వెళ్ళింది ఆవిడ కొడుకు ఒక్కడే. నర్సు ఆ సమయంలో అటు మంచానికి దుప్పటి మారుస్తూ, వీపు ఇటు పెట్టి ఉంది.

మిగతా కలంతా ఈ గదిలో దొరికింది. లౌడ్‌స్పీకర్ ఒక్కటే దొరకలేదు.

మంచం కడ్డీకి తలవైపున గాజుగుడ్డతో కట్టిన చిన్న ఉయ్యాల లాంటిదొకటి వేలాడుతోంది. గాయాలకు కట్టే గుడ్డే, అరచేతి వెడల్పు. ఎందుకో అర్థం కాలేదు. వంగి చూస్తూ ఉంటే పక్క మంచం వైపు నుంచి ఒక చిన్నపిల్ల గొంతు వినిపించింది. తాతయ్యా, ఇవాళ స్కూల్లో నాకు పన్ను ఊడింది అంటోంది. తిరిగి చూశాను. పిల్ల లేదు. కళ్ళు మూసుకుని ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన చెవి పక్కన అలాంటి గుడ్డ ఉయ్యాలలోనే ఫోన్ ఉంది, దాని స్పీకరులోంచి ఆ పిల్ల గొంతు వస్తోంది. రేకు డబ్బాలోంచి వచ్చినట్టు, అచ్చం స్టేషన్ మైకులాగే.

రాలేని చుట్టాలు ఫోన్లో మాట్లాడుకోవడానికి ఆ ఉయ్యాలలు కట్టింది పోలీసులు పట్టుకెళ్ళిన నర్సేనని ఐసీయూ డ్యూటీలో ఉన్న ఇంకో నర్సు చెప్పింది. వింటారు, మాట్లాడండి అని అందరికీ చెప్పేదట. పెద్దావిడ మంచానికీ కట్టింది. కొడుకు వచ్చినప్పుడల్లా ఫోన్ అందులో పెట్టి, తల్లి కాళ్ళ దగ్గర కూర్చునేవాడట. ఫోన్లో ఎవరని అడిగితే ఆమెకు తెలియదు.

వరండాలోకి వచ్చేసరికి మూత ఎదురయ్యాడు. చేతిలో టీ గ్లాసు, మొహం నిండా తీరుబడి.

"ఏమ్మా, కలల కేసు ఎందాకా వచ్చింది?"

"మీ కేసు కన్నా ముందుకే వచ్చింది. నర్సు ఏ పని చేసినా ముందు పేషెంటుకి చెప్పి చేస్తుంది. ఆ పెద్దావిడ కలలో అన్ని పనులకీ ఆ అమ్మాయి మాట వినిపించింది. మందు ధార కట్టినప్పుడు మాత్రం అది వినిపించలేదు, 'మన అమ్మ ఇప్పుడే కళ్ళు తెరవకూడదు' అని ఇంకో గొంతు వినిపించింది."

ఆయన టీ ఒలికేలా నవ్వాడు. కలలో గొంతు వినపడనిదాన్ని వదిలెయ్యాలి, వినపడినవాళ్ళని లోపలెయ్యాలి, అంతేగా అన్నాడు. తనకు రాత్రి కలలో పై ఆఫీసరు కనిపించి పట్టుకోబోయాడట, మరి ఆయన్ని అరెస్టు చెయ్యమంటావా అన్నాడు. పక్కన కానిస్టేబుల్ కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నాలుగు గోడల మధ్య ఒక పిల్ల ఏడుస్తూ ఉంటే వీళ్ళకు సరదాగా ఉంది.

"కొడుకుని అడిగారా?" అన్నాను.

అడిగాడట. తల్లిని చంపుకునేవాడు రోజూ పొద్దున్నే వచ్చి కాళ్ళు పడతాడా అన్నాడు. పైగా లోపల ఉన్నది వాడొక్కడే. కలలో మాట నిజమే అనుకున్నా, వాడు ఎవరితో అన్నట్టు? మొద్దునిద్రలో ఉన్న తల్లితోనా?

దానికి నా దగ్గర జవాబు సగమే ఉంది. ఫోన్లో ఎవరో ఉన్నారు. స్నేహితుడా, భార్యా, లాయరా? కొడుక్కి పెళ్ళి కాలేదు. ఫోన్లో ఎవరైనా కావచ్చు. నేను తటపటాయించడం చూసి మూత మెత్తబడ్డాడు. భుజం తట్టినంత పని చేసి, "వదిలెయ్ తల్లీ. ఇది మన కేసు. మనం మనం చూసుకుందాం," అన్నాడు.

ఆ మాటతో నాకు చిర్రెత్తుకొచ్చింది. "మన కేసు కాదు సార్. మీ కేసు మీది, నా కేసు నాది. నేను డిపార్ట్‌మెంట్ వదిలి చాలా కాలమైంది. నాతో 'మన' అనకండి."

అని, అక్కడే ఆగిపోయాను.

నాతో మన అనకండి. ఎందుకనకూడదు? ఆయనదీ నాదీ ఒకటి కాదు కాబట్టి. ఆ కొడుకు స్నేహితుడితో అయితే మా అమ్మ అంటాడు. లాయరుతో అయినా, డాక్టరుతో అయినా, రేపు పెళ్ళయ్యాక పెళ్ళాంతో అయినా మా అమ్మే అంటాడు. పరాయివాళ్ళు వాడితో మాట్లాడితే మీ అమ్మ అంటారు. ఇటు చెప్పేవాళ్ళకీ అటు వినేవాళ్ళకీ ఇద్దరికీ తల్లి అయితే తప్ప ఎవరి నోటా 'మన అమ్మ' అన్న మాట రాదు. ఎవరి అమ్మ అని పెద్దావిడ కలలో కోప్పడింది కదా. మాట చెప్పినవాళ్ళ అమ్మ, విన్నవాడి అమ్మ, ఆ మంచం మీద పడుకుని ఉన్న అమ్మ.

ఆవిడకు ఇద్దరే పిల్లలు.

నిద్రమందు చక్రం ఎటు తిప్పితే ఏమవుతుందో రోజూ చేత్తో చేసే మనిషికి తెలిసినట్టు స్నేహితుడికో లాయరుకో తెలియదు. పొద్దున్న నేను ఫోన్లో కల పూసగుచ్చినట్టు చెప్పింది ఆ మనిషికే. గొంతు గుర్తుపట్టిందా అని ఆమె అడిగింది భయంతో. అది ప్రేమ అనుకుని నేను పప్పులో కాలేశాను.

మూత ఏదో అంటున్నాడు. వినకుండా మెట్లు దిగి పరిగెత్తాను.

కొడుకు కింద బళ్ళు నిలిపే చోట స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. డ్రైవింగ్ స్కూల్లో నేర్పించే పని. పాతికేళ్ళ వాడు, గడ్డం పెరిగి ఇంకో పదేళ్ళు పెద్దగా కనిపిస్తున్నాడు. నేను తిన్నగా వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఆ పొద్దున మీ అక్క ఫోన్లో 'మన అమ్మ ఇప్పుడే కళ్ళు తెరవకూడదు' అన్నప్పుడు నువ్వేం అన్నావు?"

అక్క ఊళ్ళో లేదు కదండీ అన్నాడు. ఫోన్లో అని నేను ఇప్పుడే అన్నానుగా అన్నాను. మీ అమ్మ విన్నది, ప్రతి అక్షరం విన్నది అన్నాను. ఆ మాటకు వాడి మొహం చూడాల్సింది. నేను చాలామంది నేరస్థుల్ని చూశాను, పట్టుబడ్డప్పుడు తప్పించుకోవడానికి దారులు వెతుకుతారు. వీడు వెతకలేదు. స్కూటర్ హ్యాండిల్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

"విన్నదా? అంతా వినపడిందా అమ్మకి?"

ఆ తర్వాత నేను అడగాల్సిన పని లేకపోయింది. తల్లి పడిన ఆ సాయంత్రం తాగి ఇంటికొచ్చాడు. మళ్ళీ బయటికి వెళ్తానని స్కూటర్ తాళాలు అడిగితే తల్లి ఇవ్వలేదు. గుప్పిట్లో పెట్టుకుని మెట్ల మీద అడ్డంగా నిలబడింది. లాక్కోబోయాడు. నెట్టలేదని మాత్రం ఒట్టేసి చెప్పాడు. చెయ్యి విదిలించాడు, అంతే, ఆవిడ వెనక్కి పడిపోయింది. అక్కకి ఫోన్ చేస్తే, జారి పడిందని చెప్పు, మిగతాది నేను చూసుకుంటానంది. తల్లి స్టేషన్లో షిఫ్టులు చేసిన రోజుల్లో వాడికి తలదువ్వి, అన్నం పెట్టి, స్కూలుకు పంపింది అక్కే. అక్క చెప్పాక వాడికి ఎదురు చెప్పడం తెలియదు.

"అమ్మ లేస్తే నిన్ను జైల్లో వేస్తారు అంది. ఇప్పుడే కళ్ళు తెరవకూడదు అంది. చక్రం ఎటు తిప్పాలో చెప్పింది, కొంచెమే తిప్పమంది. నా చెయ్యి వణికింది మేడమ్. ఎంత తిప్పానో నాకే తెలీదు."

"నర్సుని పట్టుకెళ్తుంటే చూస్తూ ఊరుకున్నావు."

వాడు మొహం చేతుల్లో దాచుకున్నాడు. అక్క వస్తే అంతా సర్దేస్తానంది అని గొణిగాడు. అమ్మ లేచిందని తెలిశాక కూడా ఫోన్ చేసి, కంగారుపడకు, నేనొచ్చి అమ్మ సంగతి చూసుకుంటానని చెప్పిందట.

"చూసుకోవడమంటే?"

వాడు తలెత్తాడు. ఇన్నాళ్ళూ ఆ మాటకు అర్థం ఏమిటని వాడు తనను తాను అడుక్కోలేదని ఆ చూపులో తెలిసిపోయింది. వాడికి అక్క అంటే అన్నం పెట్టిన మనిషి. ఆ మనిషి ఎందాకా వెళ్తుందో లెక్క వేసుకునే అలవాటు వాడికి లేదు.

"మీ అక్క ఎక్కడుంది ఇప్పుడు?"

"నిన్ననే వచ్చింది. బయట లాడ్జిలో దిగింది. మీకు చెప్పొద్దంది."

లిఫ్టు కోసం ఆగలేదు. మూడో అంతస్తు ఎక్కేసరికి నాకు ఊపిరి అందలేదు, వాడు నా వెనకే వస్తున్నాడు. గది తలుపు తీసి ఉంది. మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది, దిండ్లు ఒకదాని మీద ఒకటి సర్ది ఉన్నాయి. ఆయా నేల ఊడుస్తోంది.

కూతురు వచ్చి వీల్‌చెయిర్‌లో తీసుకెళ్ళిందని చెప్పింది. ఇంతకన్నా పెద్దాసుపత్రికి మారుస్తారట. కింద అంబులెన్సు కూడా కాదట, కారు తెచ్చుకుందట. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. పోలీసు కేసు కాబట్టి ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోవాలంటే, అదీ ఒప్పుకున్నాడట. పేషెంటుతో ఇక పనేముంది, నేరస్థురాలు దొరికింది కదా అని మూత అక్కడికక్కడే రాసిచ్చాడు. నేను ఐసీయూలో గుడ్డ ఉయ్యాల చూస్తూ నిలబడ్డ సమయంలోనే ఇదంతా జరిగిపోయింది. వాళ్ళు వెనక గేటు నుంచి వెళ్ళారు.

మంచం అంచు మీద కూర్చున్నాను. పెద్దావిడ వెళ్ళనని అనలేదా అని ఆయాను అడిగాను.

"అనలేదమ్మా. మీరు ఆ డిటెక్టివ్ అమ్మాయేనా? కూతురు శాలువా తేవడానికి కిందికి వెళ్ళినప్పుడు మీకో మాట చెప్పమంది." ఆయా చీపురు గోడకి ఆనించి, పాఠం అప్పజెప్పే పిల్లలా నిటారుగా నిలబడింది. "నర్సు పిల్లది తప్పు కాదు, ఆ పిల్లని వదిలెయ్యమని చెప్పు అంది. మైకులో గొంతు ఎవరిదో మత్తు దిగాక పోల్చుకున్నానంది. ఆ గొంతుకి మాటలు నేర్పింది నేనే, నాకు తెలీదా అంది. డిటెక్టివ్ అమ్మాయి నా కూతురి మనిషి, అందుకని మాట చెప్పాను గానీ మనిషిని చెప్పలేకపోయాను అంది. ఎందుకలా అన్నావని దాన్నే అడుగుతాను, అడగడానికే వెళ్తున్నాను అంది."

మైకులో గొంతులన్నీ ఒకలాగే ఉంటాయని జీవితమంతా మైకు ముందు గడిపిన మనిషి నాతో అంటే నేను నమ్మాను. నా ముందు కూర్చుని ఆవిడ ఒకే సమయంలో ఇద్దరిని కాపాడాలని చూసింది, నర్సునీ, కూతుర్నీ. తనని కాపాడటానికి మాత్రం ఎవరూ మిగల్లేదు. ఉండాల్సింది నేను, నన్ను ఆవిడ శత్రువు పంపిన మనిషిననుకుంది. అనుకోవడంలో తప్పు కూడా లేదు.

అప్పటికే కొడుకు అక్కకి ఫోన్ కలుపుతున్నాడు. ఎత్తదనుకున్నాను. ఎత్తింది. వాడు అక్కా అన్నాడు, అమ్మేదక్కా అన్నాడు. తర్వాత చెవికి ఫోన్ ఆనించుకుని వింటూ ఉన్నాడు. నేను చెయ్యి చాపాను. ఇవ్వలేదు. ఫోన్ నెమ్మదిగా కిందికి దించి నా వైపు చూశాడు, అటువైపు పెట్టేశారని తెలుస్తోంది.

"అమ్మ పడుకుందంట," అన్నాడు. "ఇంక లేపొద్దంటోంది."